రుమేలీ హిసారి: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారితో వెళ్లవచ్చా?

మోకాళ్ల నొప్పితో బాధపడే అమ్మగారిని ఇస్తాంబుల్‌లోని రుమేలీ హిసారి కోటకు తీసుకువెళ్లడం సాధ్యమేనా, చేతిలో ఒక్క పూటే ఉన్నదని అడిగారు. తప్పకుండా వెళ్లండి, కానీ కోట ఎక్కించే ఆలోచన మానుకోండి. ఏటవాలు కొండమీద కట్టిన ఆ కోటలో మెట్లు నిటారుగా, అరిగి నునుపుదేలి ఉంటాయి. చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు.

ఎమినోను రేవునుంచి బయలుదేరి సుమారు రెండు గంటల్లో తిరిగివచ్చే బోస్ఫరస్ జలసంధి విహార ఓడ ఎక్కడం మేలు. నా మట్టుకు, ఆ కోట అసలు రూపం నీటిమీదనుంచే తెలుస్తుంది. తాను ముట్టడించబోయే కాన్‌స్టాంటినోపుల్‌కు (నేటి ఇస్తాంబుల్‌కు) నల్లసముద్రం వైపునుంచి సాయం అందకుండా చేయడానికి ఒట్టోమన్ సుల్తాను రెండవ మెహ్మెద్ 1452లో, సుమారు నాలుగు నెలల్లోనే, జలసంధి అత్యంత ఇరుకుగా ఉన్నచోట దానిని కట్టించాడు. ఎదుటి ఒడ్డున ఆయన ముత్తాత బాయెజిద్ కట్టించిన అనడోలు హిసారి కోట ఉంది. ఓడ ఆ రెండింటి నడుమకు చేరినప్పుడు, ఫిరంగులకు చిక్కకుండా నావలు దాటడం కష్టమైన ఆ ఇరుకు కళ్లకు కడుతుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోబెట్టండి. మూడు పెద్ద బురుజులూ అమ్మగారికి చక్కగా కనిపిస్తాయి.

లోపలికి మీరొక్కరే వెళ్లదలిస్తే, మెట్రోలో బొగాజిచి విశ్వవిద్యాలయం స్టేషనుదాకా వచ్చి, అక్కడినుంచి కొండవాలు రైలులో ఆషియాన్ ఒడ్డుకు దిగి కొద్దిదూరం నడవండి.