బుడమేరు వాగు అనొచ్చా? బుడమేరుకా, బుడమేటికా?

సందేహం: 2024 సెప్టెంబర్‌లో బెజవాడ మునిగినప్పుడు టీవీల్లో అందరూ ‘బుడమేరు వాగు’ అన్నారు. ఏరు అని పేరులోనే ఉంది కదా, మళ్లీ వాగు ఎందుకు? ఇంకోటి, మా తాతయ్య ‘బుడమేటికి వరదొచ్చింది’ అంటారు, న్యూస్‌లో ‘బుడమేరుకు’ అని వస్తుంది. ఏది కరెక్ట్?

సమాధానం: మొదటిది అనొచ్చండి, తప్పేం లేదు. ఏరు అన్నది పేరులో కలిసిపోయింది, విడిగా ఎవరికీ వినపడదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఈ నీళ్లు వానలు పడితేనే ఉరకలేస్తాయి, అందుకే జనం దాన్ని వాగు కిందే లెక్కేస్తారు, పేరు ఏరు అయినా తీరు వాగుది, కాబట్టి రెండూ కలిపి చెప్తే కొత్తవాళ్లకి కూడా క్లియర్‌గా అర్థమవుతుంది.

రెండోదే నాకు ఎక్కువ ముఖ్యం. మీ తాతయ్యగారి మాటే అసలైన తెలుగు. ఏటి ఒడ్డు, ఏటికి ఎదురీదడం అంటాం కదా, ఏరు ఉన్న పేర్లన్నిటికీ అదే లెక్క. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దర్శనానికి వెళ్లినవాళ్లు మున్నేట్లో స్నానం చేశాం అంటారు. కొల్లేరు నది కాదు సరస్సు, అయినా కొల్లేటి చాంతాడు అనే అంటాం. మరి ఊరుకి ‘ఊటి’ ఎందుకు రాలేదు, ఊరి అనే ఎందుకు అంటాం అని అడుగుతారేమో, పాతకాలంలో ఏరుని బండి ఱ తో ‘ఏఱు’ అని రాసేవాళ్లు, ఊరులో ఉన్నది మామూలు ర, ఆ ఱ యే టకారంగా మారి ఏటి అయింది. బండి ఱ రాతలోంచి పోయింది గానీ దాని గుర్తు మీ తాతయ్య నోట్లో ఇంకా ఉంది, దయచేసి ఆయన్ని దిద్దకండి. ‘బుడమేరుకు’ అని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు, వాడుకలోకి వచ్చేసింది కాబట్టి తప్పు అనను, కానీ నేనైతే బుడమేటికి అనే రాస్తాను.

అన్నట్టు ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు, సీమలో వంక, తెలంగాణలో చిన్నదాన్ని ఒర్రె అంటారు. ఆ ఊళ్ల గురించి రాసేటప్పుడు వాటిని వాగు అని మార్చొద్దు, మేఘాద్రిగెడ్డని మేఘాద్రివాగు అంటే విశాఖవాళ్లకే తెలీదు.

ఒక్క జాగ్రత్త, వెనకాల వాగు చేరిస్తే మాత్రం ‘బుడమేరు వాగుకి’ అనే అనాలి, ‘బుడమేటి వాగు’ అంటే బుడమేటిలో కలిసే ఇంకో వాగేమో అనిపిస్తుంది.