ప్యాకెట్ మీద తేదీ చెరిగిపోతే

ప్రశ్న: మా వీధి దుకాణంలో పాల ప్యాకెట్ల మీద తేదీ కనిపించడం లేదు. విడి పాలేమో మరీ పలుచన. ఎవరికి చెప్పాలి? పాలను మేమే పరీక్షకు పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రెండూ 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందికే వస్తాయి కనుక, జిల్లా ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయండి. తేదీ, 14 అంకెల లైసెన్సు నంబరు లేని ప్యాకెట్టుకు 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. టోన్డ్ పాలలో కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం ఇతర ఘనపదార్థాలు ఉండాలి. నీళ్లు కలిపి ఈ ప్రమాణం కన్నా కిందికి దించితే జరిమానా 5 లక్షల దాకా వెళ్లవచ్చు.

అధికారి పాలను బాగా కలియబెట్టి, నాలుగు భాగాలు చేసి, విరిగిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేసి, సీలు వేస్తారు. ఒక భాగం ఆహార విశ్లేషకుడికి వెళుతుంది. ఆయన 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికపై వ్యాపారి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు కాబట్టి, మర్నాడే దుకాణం మూయిస్తారని మాత్రం ఆశించకండి.

చాలామందికి తెలియని వెసులుబాటు 40వ సెక్షన్‌లో ఉంది. రుసుము చెల్లించి కొనుగోలుదారు కూడా విశ్లేషణ చేయించుకోవచ్చు. కాకపోతే ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మకందారుకు చెప్పి తీరాలి. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి ఆ గిన్నెనే పట్టుకెళితే కుదరదు. కల్తీ తేలితే రుసుము తిరిగి ఇస్తారు.