షూటింగ్ పోయిన రోజే డిఫెన్స్ కూడా ఎందుకు పోతుంది?

కాలేజీ బాస్కెట్‌బాల్ టీముకి షాట్లు పడని రోజే డిఫెన్స్ కూడా ఎందుకు చెడుతుందని అడిగారు. చాలావరకు రెండూ ఒకటే జబ్బు. దూరం నుంచి వేసిన త్రీ (మూడు పాయింట్ల షాట్) తప్పితే బంతి రింగుకి తగిలి ఎక్కడికో ఎగిరిపడుతుంది. అది అవతలివాళ్ల చేతికి చిక్కేసరికి మనవాళ్లు ఇంకా వెనక్కి తిరగనే తిరగరు. ఇక అటువైపు సులువుగా లేఅప్, అంటే బుట్ట దగ్గరికి వెళ్లి వేసే షాట్. అదే షాట్ పడితే, వాళ్లు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) బయటి నుంచి బంతి అందించుకోవాలి. ఆ కాస్త వ్యవధిలో డిఫెన్స్ సర్దుకుంటుంది.

త్రీలు మానేయమనను. మూడింట ఒకటి పడినా, సగం పడే రెండు పాయింట్ల షాట్లతో సమానమే. ముఖం మీద డిఫెండర్ చెయ్యి ఉండగా తొందరపడి వేసేవి మాత్రం మానాలి. షాట్ లేవగానే ఇద్దరు గార్డులు (బుట్టకు దూరంగా ఆడుతూ బంతిని నడిపించేవాళ్లు) వెనక్కి పరుగెత్తాలి. నా లెక్కలో ముందు సరిచేయాల్సింది ఇదే. గురి కుదరడానికి ఎలాగూ నెలలు పడుతుంది.