నెట్ గట్టెక్కితే పీహెచ్‌డీ సీటు వచ్చినట్టేనా?

ప్రశ్న: ఎంఏ ఇంగ్లిష్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. యూజీసీ నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాస్తే పీహెచ్‌డీలో చేరవచ్చా?
– ఓ పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: ఆఖరి సెమిస్టర్ వాళ్లూ రాయొచ్చమ్మా. జనరల్‌కు ఎంఏలో 55 శాతం, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం ఉండాలి. 2024 నుంచి ఫలితాలు మూడు కేటగిరీల్లో ఇస్తున్నారు. ‘పీహెచ్‌డీకి మాత్రమే’ అని వస్తే ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఈలోగా సీటు తెచ్చుకోకపోతే మళ్లీ రాయాల్సిందే. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాకపోతే నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. నెగెటివ్ మార్కులు లేవు, 150 ప్రశ్నల్లో ఒక్కటీ వదలొద్దు.

చాలామంది దెబ్బతినేది ఇంటర్వ్యూలోనే, అదీ ప్రపోజల్ (దేనిపై, ఎలా పరిశోధిస్తారో రాసిచ్చే పత్రం) దగ్గర. ‘భారతీయ ఆంగ్ల నవలలో స్త్రీ’ అంటే అది అంశం కాదు, సముద్రం. రెండు మూడు నవలలు, ఒక కాలం, ఒక ప్రశ్న తీసుకోండి: ‘1990 తర్వాతి హైదరాబాద్ నవలల్లో అద్దె ఇల్లు స్త్రీ పాత్రలకు ఏ స్వేచ్ఛ ఇస్తోంది?’ ఇలా అడిగితే ప్రొఫెసర్లకు మీతో మాట్లాడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), ఉస్మానియా, హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) నోటిఫికేషన్లు విడివిడిగా వస్తాయి. ఓబీసీ అయితే కేంద్ర ఫార్మాట్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి, రాష్ట్ర బీసీ పత్రం నెట్‌కు పనికిరాదు.