కలలాంటి బొమ్మ కింద ఏం రాయాలి

చిరంజీవి లలితకు మావయ్య ఆశీస్సులు.

అమలాపురం ప్రదర్శనకని నువ్వు రాసిన చీటీలు చూశాను. సగానికి పైగా బొమ్మల కింద ‘అధివాస్తవిక చిత్రం’ అని ఉంది. అన్నింటికీ ఆ మాట నప్పదమ్మా.

సర్రియలిజాన్నే మనం అధివాస్తవికం అంటాం. సర్రియలిజం అన్న మాటని 1917లో ఫ్రెంచి కవి అపొలినేర్ పుట్టించాడు. 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెటన్ ఒక ప్రకటన రాసి దాన్ని ఉద్యమం చేశాడు. కలా మెలకువా కలిసిపోతే మామూలు వాస్తవాన్ని మించిన వాస్తవం ఒకటి దొరుకుతుందని వాళ్ల వాదన. ‘అధి’ అందుకే. ఒక చీటీలో ‘అవాస్తవికం’ అని రాశావు, అర్థం తలకిందులైంది.

మంచుతెరా మసక వెన్నెలా ఉన్న బొమ్మకి ‘స్వాప్నికం’ చాలు. ఆకారమే పోల్చుకోలేకపోతే ‘నైరూప్యం’. పదితలల రావణుడికి రెండూ అక్కర్లేదు, ఆ తలలెందుకో చంటిపిల్లలకీ తెలుసు. అధివాస్తవికంలో చాలావరకు వస్తువులు స్పష్టంగానే తెలుస్తాయి, అవి ఒకచోటికి ఎలా చేరాయన్నదే అంతుపట్టదు. (మీరో, మసాన్ లాంటి చిత్రకారులు చెయ్యి పోయిన దారినే గీతని పోనిచ్చారు, వాళ్ల లెక్క వేరు.) స్పెయిన్ చిత్రకారుడు డాలీ 1931లో వేసిన మెత్తబడ్డ గడియారాల బొమ్మ 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు, అంతే. అందులో నారింజరంగు గడియారం మీద చీమలు విడివిడిగా కనిపిస్తాయి. వెనక కొండచరియలు అతని సొంత కాటలోనియా తీరానివి.

చిక్కంతా నీ పడవ బొమ్మతోనే. వీధిలో పడవ వేశావు. ఆగస్టులో గోదావరి లంకల్లోకి వెళ్తే అరుగు స్తంభానికి కట్టిన పడవ కనిపిస్తుంది. కోనసీమవాళ్లు దాన్ని వరద అంటారు, కల అనరు! నీళ్లు తీసెయ్. ఆ పడవని మేడమీద పడగ్గదిలో పెట్టు, గది గుమ్మం పడవకన్నా ఇరుకుగా ఉండాలి. పెచ్చులూడిన తారు, మేకుల చుట్టూ తుప్పు, తెడ్డు రాపిడికి అరిగిన అంచు ఉన్నదున్నట్టు దించు. కిటికీ వెలుగుకి నీడలన్నీ ఒకే వైపు పడాలి. పొరపాటున తలో దిక్కూ పడ్డాయా, చూసేవాళ్లు వింత అనుకోరు, చేతకాలేదనుకుంటారు.

ఏం వెయ్యాలో తోచనప్పుడు ఫ్రొటాజ్ పట్టుకో, గరుకు వస్తువు మీద కాయితం పరిచి రుద్దడమన్నమాట, చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో మొదలుపెట్టిన పద్ధతి. కొబ్బరిమట్ట మొదట్లో వలలా అల్లుకుని ఉంటుందే, ఆ పీచు మీద పల్చటి కాయితం పరిచి, కదలకుండా క్లిప్పులు పెట్టి, మెత్తటి 6బీ పెన్సిల్ని పడుకోబెట్టి తేలిగ్గా రుద్దు. పాత తలుపు చెక్కయినా సరే. డ్రాయింగ్ షీటు మందం, గరుకు ఎక్కదు. గట్టిగా నొక్కితే సందులు పూడిపోయి నల్లమచ్చే మిగులుతుంది. పీచు పచ్చిగా ఉంటే కాయితం ఉబ్బుతుంది, బాగా ఎండనివ్వు. రుద్దాక కాయితాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, కనబడ్డ ఆకారానికి అంచులు గీసి ఆపెయ్. ముందే ఏనుగు అనుకుని రుద్దితే ఇంక ఈ పద్ధతి ఎందుకు?

అలా చేసినవాటి చీటీలో ‘కాయితం మీద పెన్సిల్ రుద్దుడు’ అని రాయి. ఉత్త ‘పెన్సిల్ చిత్రం’ అంటే చేత్తో గీశావనుకుంటారు.

ఇట్లు,
మావయ్య