కొబ్బరికాయ కథకి లైన్

చిరంజీవి శ్రీనుకి, మావయ్య ఆశీస్సులు.

నీ సినిమా కథని ఒక్క వాక్యంలో చెప్పే లాగ్‌లైన్ అంటూ వాట్సాప్‌లో నువ్వు పంపింది చూశాను. "నమ్మకానికీ నిజానికీ మధ్య నలిగిపోయే ఓ తండ్రి ఎమోషనల్ జర్నీ." ఇందులో నీ కథ ఎక్కడుందిరా? ఈ వాక్యం కింద వంద సినిమాల పేర్లు రాసుకోవచ్చు. మొన్న ఫోన్లో నువ్వు కథ చెబుతుంటే అన్నం తినడం ఆపి విన్నాను. ఆ కథలో ఒక్క ముక్క కూడా ఇక్కడికి రాలేదు.

మీరు లాగ్‌లైన్ అంటున్నారు, మా రోజుల్లో "లైన్ చెప్పవయ్యా" అనేవాళ్లు. మన దగ్గర కథలు నోటి మీదే తిరుగుతాయి. నువ్వు మేనేజరుకి చెబుతావు, ఆయన నిర్మాతకి చెబుతాడు, నిర్మాత హీరోకి ఫోన్ చేస్తాడు. అప్పుడు పక్కన నువ్వుండవు. ఒకసారి ఒక నిర్మాతకి రెండున్నర గంటలు కథ చెప్పాను. ఆయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఇద్దరం ఆఫీసు మెట్లు దిగుతుంటే ఫోన్లో ఎవరో అడిగారు, ఏం కథ విన్నారని. "ఏదో పల్లెటూరి సెంటిమెంటులే" అన్నాడు. ఆ సినిమా ఆ మెట్ల మీదే ఆగిపోయింది. ఆయన్ని అనుకుని లాభం లేదు, తిరిగి చెప్పడానికి వీలైన మాట నేను ఒక్కటీ ఇవ్వలేదు.

2012లో వచ్చిన 'ఈగ' సంగతి చూడు. హత్యకు గురైన ప్రేమికుడు ఈగగా పుట్టి, తనని చంపిన డబ్బున్నవాడి మీద పగ తీర్చుకుంటాడు. పదేళ్ల పిల్లాడు కూడా పొల్లుపోకుండా చెప్పగలడు. అంత చిన్న పురుగు అంత పెద్ద మనిషిని ఎలా చంపుతుందని మనమే అడుగుతాం.

ఇప్పుడు నీ కథ. తండ్రి అన్నావు. ఏ తండ్రి? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలల్లో తిరుగుతూ బోరు పాయింట్లు చూపించేవాడు. కాయ నిటారుగా లేచేది తన వేళ్ల మహిమేనని అతనికొక్కడికే తెలుసు. ఇప్పుడు కాబోయే వియ్యంకుడే తన చేలో పాయింటు పెట్టమంటున్నాడు. ఇంత సరుకు దగ్గర పెట్టుకుని ఎమోషనల్ జర్నీ ఏంట్రా? నేనైతే ఇలా రాస్తాను:

"కొబ్బరికాయతో నీళ్లు చూపిస్తానని జనాన్ని మోసం చేసి బతికే ఒకాయన, కూతురి పెళ్లి నిలబడాలంటే కాబోయే వియ్యంకుడి ఎండిన చేలో నిజంగానే నీళ్లు చూపించాలి."

ముందు "మోసం" అన్న మాట లేకుండానే రాశాను. అది లేకపోతే "నిజంగానే" తేలిపోయింది. నీకు మరీ కటువుగా అనిపిస్తే వేరే మాట వెతుక్కో, ఆ గుట్టు మాత్రం లైన్లో ఉండాలి. పేర్లు అక్కర్లేదు. "చివరికి ఏమైందన్నదే మిగతా కథ" అని తోక తగిలించకు, అది రివ్యూలు రాసేవాళ్ల మాట. క్లైమాక్స్ కూడా ఇక్కడ వద్దు, కథంతా క్లుప్తంగా రాసే సినాప్సిస్‌లో మాత్రం దాచకు.

ఎవరైనా కొట్టేస్తారేమోనని కావాలనే మసకగా రాశానన్నావు. ఐడియాకి కాపీరైట్ లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. స్క్రిప్టు పూర్తిచేసి రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకో. ఆ టెన్షన్‌తో లైన్‌ని నీరుగార్చకు.

ఇంకో సంగతి. నీ సెకండాఫ్ హైదరాబాద్ వెళ్లిపోతోంది కదా, దాన్ని ఈ లైన్ పక్కన పెట్టి చూడు. బోరు బండి చేలోకి వచ్చేశాక ఆయన ఊరు వదిలి ఎందుకు వెళ్తాడు? నాకైతే అక్కడ స్క్రిప్టే దారి తప్పిందనిపిస్తోంది.

ఆదివారం పొద్దున మీ అమ్మకి లైన్ ఒక్కసారి చెప్పు, రెండోసారి చెప్పకు. సాయంత్రం నేను ఫోన్ చేసి, "వాడు ఏం కథ రాస్తున్నాడక్కా?" అని అడుగుతాను. అక్క ఏమందో రాత్రికి నీకు చెబుతాను.

మావయ్య