హైదరాబాద్ నుంచి సొంతంగా కారు, గైడ్ మాట్లాడుకుని రామప్ప, వరంగల్ ఒక్క రోజులో చూడొచ్చా?

చూడొచ్చు, కానీ వరుస తిప్పాలి. చాలామంది దారిలోనే ఉంది కదా అని హనుమకొండలో ఆగిపోతారు. అక్కడ్నించి రామప్ప గుడి ఉన్న పాలంపేట మరో 65-70 కిలోమీటర్లు. చేరేసరికి మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేకుండా రాతిమీద అడుగు వేయలేరు.

ఉదయం 5:30కి బయల్దేరి, హనుమకొండలో గైడ్‌ను ఎక్కించుకుని (కారులో ఒక సీటు ఖాళీ ఉంచండి) నేరుగా రామప్పకు వెళ్లండి. 1213 నాటి ఈ గుడికి రెండు గంటలైనా ఇవ్వాలి. నల్లరాతి మదనికలు (నాట్యగత్తెల శిల్పాలు), నీళ్లలో తేలే ఇటుకల శిఖరం, ఇసుక పునాది: గైడ్ డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. తిరుగుదారిలో భోజనం, వేయిస్తంభాల గుడికి ముప్పావు గంట, ఎండ తగ్గాక వరంగల్ కోటలో కీర్తితోరణాలు. కోటలోనే ఉన్న ఖుష్ మహల్‌కు టైము మిగిలితేనే.

డ్రైవరే గైడ్ అంటే ఒప్పుకోకండి. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు అడగండి. రానూపోనూ 430 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే కిలోమీటర్ల పరిమితి, టోల్, డ్రైవర్ బత్తా, రాత్రి ఛార్జీ, గైడ్ గంటలు ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. గొడవలన్నీ రాత్రి దిగేటప్పుడే మొదలవుతాయి.